చేబదులు పేరు

అడిగి తెచ్చుకున్న వస్తువు వాడగా వాడగా అరిగిపోతే, దాన్ని తిరిగి ఇవ్వడం ఎలా? పలకల మేస్త్రిని ఏళ్ళ తరబడి వదలని సందేహం ఇది. పంచదార తెచ్చుకుంటే పంచదార కొనిచ్చేయవచ్చు. గొడుగు పోగొడితే కొత్త గొడుగు కొనిచ్చి నాలుగు మాటలు పడవచ్చు. మేస్త్రి దగ్గర ఉండిపోయింది పేరు. అదీ తన సొంత పేరే.

ఇళ్ళ గుమ్మాలకూ ఆఫీసు బల్లలకూ ఇత్తడి రేకుల మీద పేర్లు చెక్కడం అతని పని. ఊరందరి పేర్లూ చెక్కే మనిషికి తన పేరు తనది కాదన్న సంగతి తల్లి చివరి రోజుల్లో చెప్పింది.

"ఒరే, నీ పేరు పక్కింటి పెద్దమ్మ దగ్గర చేబదులు తెచ్చానురా. ఇచ్చేస్తానని మాటిచ్చాను. నా వల్ల కాలేదు. నువ్వైనా ఇచ్చేయ్."

జరిగింది ఇదీ. మేస్త్రి పుట్టినప్పుడు గుప్పెడంత ఉన్నాడట. బతుకుతాడో లేదోనని పేరు రాసుకోవడానికి ఆస్పత్రి నర్సు తొందరపెట్టింది. తండ్రి పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. పక్కింటి పెద్దమ్మ చూడ్డానికి వచ్చింది. ఆవిడకీ నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకి పేరు ముందే అనుకుని ఉంచుకుంది. "నీ దగ్గరున్నది ఇవ్వక్కా, మావారు రాగానే ఇంకోటి చూసుకుని నీది నీకిచ్చేస్తాను," అంది మేస్త్రి తల్లి. పెద్దమ్మ అగ్గిపెట్టె ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చేసింది. మావారు వచ్చారు. పేరు విన్నారు. బ్రహ్మాండంగా ఉందన్నారు. అంతే, అది ఇంకా మేస్త్రి దగ్గరే ఉంది.

దైవభక్తి గల మనిషి కావడం వల్ల మేస్త్రి బాధ ఇంకాస్త పెద్దది. రోజూ ఉదయం స్నానం చేసి దణ్ణం పెట్టుకుని, "ఫలానా వాణ్ణి వచ్చాను స్వామీ," అని పేరు చెప్పుకునేవాడు. చెప్పుకున్న ప్రతిసారీ అనుమానం వచ్చేది. దేవుడు ఆ పేరు విని తనవైపు చూస్తున్నాడా, అసలు సొంతదారు వైపు చూస్తున్నాడా? అనుమానానికి ఆధారం లేకపోలేదు. అసలు సొంతదారు, అంటే పెద్దమ్మ కొడుకు, మంత్రి అయ్యాడు.

ఆయన మంత్రి అయిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. శాఖలన్నీ పంచేశాక చూస్తే ఒక మనిషి మిగిలాడు గానీ శాఖ మిగల్లేదు. ఇంకెవరైనా అయితే ఆ మనిషిని తగ్గించేవారు. ముఖ్య నాయకుడు దూరదృష్టి గలవాడు కాబట్టి ఒక శాఖను పెంచాడు. దానికి నామార్థ శాఖ అని పేరు పెట్టారు. పౌరుల పేర్లకు అర్థాలు, మూలాలు కనిపెట్టి, వాటిని అభివృద్ధి చేయడం దాని బాధ్యత.

బాధ్యతలు స్వీకరించిన రోజే మంత్రిగారు ప్రకటన చేశారు.

"మన దేశంలో రోడ్లున్నాయి. నీళ్ళున్నాయి. అవి లేనిచోట వాటి గురించి ప్రకటనలున్నాయి. లేనిదల్లా ఒకటే, అర్థం! ఇక మీదట ఈ దేశంలో అర్థం లేని పేరు ఒక్కటి కూడా ఉండడానికి వీల్లేదు!"

చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, అర్థం లేని మిగతా విషయాల సంగతేమిటని అడగాలనుకున్న విలేకరి చెయ్యి దించేసుకున్నాడు.

*

మర్నాడే మేస్త్రికి పిలుపు వచ్చింది. మంత్రిగారికి బల్ల మీద పలక కావాలి. "మన వరస ఇళ్ళవాడే కదా, పిలిపించండి," అన్నారట. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కుళాయి దగ్గర తోసుకుని నీళ్ళు పట్టుకున్నవాళ్ళు. ఆ చనువుతో మంత్రిగారు మేస్త్రిని కూర్చోమన్నారు. ఆ గదిలో ఉన్న ఒక్క కుర్చీలోనూ ఆయనే కూర్చుని ఉండడం వల్ల మేస్త్రి నిలబడ్డాడు.

"సార్, మీ పేరు ఒకసారి పైకి చెప్పండి."

"నా పేరు నీకు తెలీదా?"

"తెలుసు సార్. ఇది నా పద్ధతి. పేరుగల మనిషి నోటితో వింటే గానీ ఉలి పెట్టను. మనిషి ఎంత గట్టిగా పలికితే అక్షరం అంత లోతుగా వెళ్ళాలి."

మంత్రిగారు గొంతు సవరించుకుని పలికారు. బల్ల మీది గాజుగ్లాసు మోగింది. పక్క గదిలో గుమాస్తా లేచి నిలబడ్డాడు. రేకు మందంది తేవాలని మేస్త్రి మనసులో అనుకున్నాడు.

"పేరు కింద అర్థం కూడా రావాలి," అన్నాడు పక్కనే నిలబడ్డ ఆయన కార్యదర్శి.

"ఏంటండి అర్థం?"

"అది కనిపెట్టడానికి కమిటీ విమానం ఎక్కింది."

ఒక ప్రొఫెసరుగారి అధ్యక్షతన కమిటీ ప్రపంచంలో పేర్లున్న దేశాలన్నీ తిరిగింది. పేర్లు లేని దేశం ఏదీ తగలకపోవడంతో పర్యటన కొంచెం పొడిగించాల్సి వచ్చింది. వాళ్ళు పంపిన నివేదికలు పత్రికల్లో వచ్చేవి. మేస్త్రి పని ఆపి మరీ చదివేవాడు. ఒక సముద్రతీరంలో బిడ్డ ఏ వారం పుడితే ఆ వారమే పేరట. అక్కడ సంతలో నిలబడి "శుక్రవారం!" అని కేకేస్తే సగం మంది తిరిగి చూశారట. ఒక చలిదేశంలో కొడుకు పేరు వెనక తండ్రి పేరు తోకలా వేలాడుతుందట. ఒక గడ్డిమైదానంలో అంతకుముందు పిల్లలు పోయిన తల్లి, కొత్తగా పుట్టినవాడికి 'మనిషి కాదు' అని పేరు పెడుతుందట, మృత్యువు వచ్చి చూసి, అడ్రసు తప్పాననుకుని పోవాలని. 'మనిషి కాదు' గారు ఇప్పుడు పెద్ద ఇంజనీరు. కమిటీతో భుజం భుజం కలిపి ఫొటో దిగాడు. ఎడారి దేశాల పాత భాషల్లో 'దేవుడు విన్నాడు', 'దేవుడు ఇచ్చాడు' అనే పేర్లు ఇంటికొకటి ఉన్నాయట. ఒకచోట మాత్రం వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇంట్లో చివరి పిల్లకి 'చాలు' అని పెట్టారట.

అది చదివి మేస్త్రి పేపరు మడిచి పక్కన పెట్టాడు. దేవుడు విన్నాడు, దేవుడు ఇచ్చాడు, చాలు. ఒకే ఇంట్లో ఒకే తల్లి ఈ మూడూ అని ఉంటుంది కదా, స్వామికి ఏది వినిపించి ఉంటుందో అనుకున్నాడు. మళ్ళీ ఉలి అందుకున్నాడు.

మంత్రిగారి పేరు మీద మాత్రం పరిశోధన పకడ్బందీగా జరిగింది. పేరులోని మొదటి అక్షరానికి ఒక నదీతీర భాషలో 'సూర్యుడు' అని అర్థం తేలింది. చివరి అక్షరానికి ఒక ద్వీపంలో 'తండ్రి' అని తేలింది. వెనక నుంచి చదివితే ఒక కొండజాతి భాషలో 'వంతెన కట్టినవాడు' అని వచ్చింది. ఆ కొండల్లో వంతెనలు లేవు. నడిమి అక్షరానికి ఏ భాషలోనూ ఏ అర్థమూ దొరకలేదు. కమిటీ రాత్రీ పగలూ చర్చించి, అది మంత్రిగారి నిగర్వానికి గుర్తు అని ఏకగ్రీవంగా తీర్మానించింది.

నివేదిక వచ్చినప్పుడల్లా పలక పెరిగేది. బల్ల మీద పెట్టాల్సినది గోడకి మారింది. గోడకి పెట్టాల్సినది గేటుకి మారింది. మేస్త్రి రేకుకి రేకు అతికి, అతుకు కనబడకుండా రుద్ది, అక్షరాల్లో నల్ల లక్క నింపి, 'సూర్యుడు' దగ్గర్నుంచి 'వంతెన' దాకా నడుచుకుంటూ వెళ్ళి సరిచూసుకునేవాడు.

*

ఈలోగా మేస్త్రి ఇంట్లో ఒక పాప పుట్టింది.

కూతురు బొత్తాల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. అల్లుడు బస్సు నడుపుతాడు. అందరూ మేస్త్రి ఇంట్లోనే ఉంటారు. పాపకి ఏం పేరు పెట్టాలో ఎవరూ ఆలోచించాల్సిన పని లేదు. పోయిన అమ్మమ్మ పేరు సిద్ధంగా ఉంది. కూతురి సెలవు నెలాఖరుతో అయిపోతుంది. ఫ్యాక్టరీ వెనక పసిపిల్లల గదిలో పాపని వదిలి పనిలోకి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ మెషీను మీద ఇంకొకరిని కూర్చోబెడతారు. ఆ గదిలో చేర్చుకోవాలంటే పాప పేరు నమోదు కావాలి.

ముగ్గురూ పాపని ఎత్తుకుని రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళారు. రిజిస్ట్రారు మంచివాడు. పాప బుగ్గ కూడా తాకాడు.

"ఇంటి పెద్ద ఎవరు?"

"నేనేనండి," అన్నాడు మేస్త్రి.

"మీ పేరుకి అర్థం?"

"తెలీదండి."

రిజిస్ట్రారు కళ్ళద్దాలు తీసి చూశాడు. "తెలీకుండానే ఇన్నేళ్ళూ పిలిపించుకున్నారా?"

"పిలిచేవారండి. పలికేవాణ్ణి."

"అట్లా కుదరదు. కొత్త చట్టం చూశారా? ఇంటి పెద్ద పేరుకి ధ్రువీకరించిన అర్థం ఉంటేనే ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ పేరు ఎక్కించాలి. పునాది లేకుండా మేడ ఎట్లా కడతాం చెప్పండి?"

"పాప పేరుకి అర్థం ఉందండి," అంది కూతురు. "మా అమ్మ పేరు. మల్లెపువ్వు లాంటి పేరు."

"పువ్వు సంగతి తర్వాతమ్మా. ముందు కొమ్మ తేలాలి."

కూతురు ఇంటికొచ్చాక పాపని ఒళ్ళో వేసుకుని, "నాన్నా, నెలాఖరు దగ్గరికొచ్చేసింది," అంది. అంతే అంది. అదేదో గట్టిగా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది మేస్త్రికి.

అర్థం తెలియాలంటే ఆ పేరు ముందుగా అనుకున్న మనిషినే అడగాలి. సాయంత్రం పెద్దమ్మ ఇంటికి వెళ్ళాడు. కొడుకు మంత్రి అయినా ఆవిడ వరస ఇళ్ళలోనే ఉంది. బంగళాకి రమ్మంటే, "అక్కడ తలుపులెక్కువ, ఎవరు ఏ తలుపులోంచి వస్తారో చూస్తూ కూర్చోవాలి," అని రాలేదు.

"పెద్దమ్మా, నా పేరుకి అర్థం ఏంటి?"

"నాకేం తెలుసురా?"

"నువ్వే కదా అనుకున్నావు!"

"మేడ మీద గదిలో ఒకావిడ అద్దెకుండేది. ఏ దేశమో మరి. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. పొద్దుగూకే వేళకి కిటికీలోంచి పిల్లాణ్ణి పిలిచేది. ఆ పిలుపు వింటుంటే ఎంత బాగుండేదో! వాడు ఎక్కడ ఆడుకుంటున్నా పరిగెత్తుకొచ్చేవాడు. నా కొడుకునీ అట్లా పిలుచుకోవాలని అనుకున్నా."

"ఆవిడ్ని అర్థం అడగలేదా?"

"పిలుస్తుంటే తెలుస్తూనే ఉంది కదరా, ఇంక అడగడం ఎందుకు?"

మేస్త్రి తల గోక్కున్నాడు. రిజిస్ట్రారుకి ఇది సరిపోదు. లేవబోతూ, ఎప్పటినుంచో అడగాలనుకున్నది కూడా అడిగేశాడు.

"మా అమ్మ నీ దగ్గర చేసిన అప్పు ఎట్లా తీర్చను పెద్దమ్మా?"

"వాడుకోరా. నేనేమన్నా తొందరపెట్టానా?" అంది ఆవిడ. మళ్ళీ తనే, "పిలవడానికి మాత్రం నాకు లేకపోయింది," అంది.

తర్వాత మేస్త్రి కార్యదర్శి కాళ్ళావేళ్ళా పడ్డాడు. కార్యదర్శి ఎంతో ఓపిగ్గా చెప్పాడు. కమిటీకి ఒక వరస ఉంది. ముందు మంత్రిగారి పేరు పూర్తి కావాలి. తర్వాత మిగతా మంత్రులు, తర్వాత వాళ్ళ బావమరుదులు. పలకల మేస్త్రుల దాకా వచ్చేసరికి పాప తన కూతురి పేరు నమోదు చేయించుకోవచ్చు.

"అప్పటికి ఆలస్యమవుతుందేమో సార్."

"కాదు కాదు, రెండూ ఒకేసారి అయిపోతాయి. ఖర్చు కలిసొస్తుంది."

*

పలక ఆవిష్కరణకి మంత్రిత్వ శాఖ ముందు పందిరి వేశారు. పలకని ఎనిమిది మంది మోసుకొచ్చారు. గేటు చాలక పక్క గోడ పడగొట్టారు. వెనక వరసలో కూతురు పాపని ఎత్తుకుని కూర్చుంది, ఆ సందట్లో మంత్రిగారి చేతిలో ఒక అర్జీ పెట్టవచ్చునని.

ముసుగు తీయడానికి మంత్రిగారి తల్లినే పిలిచారు. అది కార్యదర్శి ఆలోచన. పేరు పెట్టిన తల్లి చేతుల మీదుగా పేరు ఆవిష్కరణ అంటే పేపర్లో మొదటి పేజీ ఖాయమని ఆయన అంచనా. ఆ అంచనా తప్పలేదు.

పెద్దమ్మ తాడు లాగింది. పట్టు ముసుగు జారింది. ఎండలో ఇత్తడి మెరిసి ముందు వరస వాళ్ళందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రొఫెసరుగారు లేచి పలకని ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివారు. సూర్యుడు, తండ్రి, వంతెన, నిగర్వం. తర్వాత కార్యదర్శి పెద్దమ్మ చేతికి మైకు ఇచ్చి, చెవిలో రెండు వాక్యాలు చెప్పాడు. ఆవిడకి ఆ చెవి వినబడదు.

"ఇదంతా నాకు తెలీదు నాయనా," అంది పెద్దమ్మ. "వీడికి నేననుకున్న పేరు వేరే. అది పక్కింటావిడకి చేబదులిచ్చాను. ఇవాళో రేపో తిరిగొస్తుందని చూశాను. వీడు పుట్టేశాడు. ఆవిడ ఇవ్వలేదు. నేను అడగలేదు, పసిబిడ్డ మీది పేరు లాక్కోవడం బాగుండదు కదా! నాకు పాలు పడలేదు. వీధి చివర పాలాయన దగ్గర ఒక మేక ఉండేది. దాని పాలే పట్టి బతికించాను. అందుకని దాని పేరే పెట్టాను."

విలేకరులు గబగబా రాసుకోవడం మొదలుపెట్టారు.

"చాలా మంచి మేక," అంది పెద్దమ్మ, కొడుకు వైపు ప్రేమగా చూస్తూ. "ఎవరు పిలిచినా వచ్చేది. ఎందుకని అడిగేది కాదు."

ముందుగా తేరుకున్నది కార్యదర్శి. ఆయన చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు కాబట్టి సిబ్బంది అంతా కొట్టారు. ప్రొఫెసరుగారు మైకు అందుకుని, ఇది పరిశోధనలో కొత్త మలుపు అనీ, మేకకి ఆ పేరు ఎవరు ఏ సంస్కృతి నుంచి పెట్టారో తేల్చడానికి మేకలు ఎక్కువగా ఉన్న దేశాలకు కమిటీ వెంటనే బయల్దేరాలనీ అన్నారు.

కూతురు అర్జీ మడిచి పాప దుప్పట్లో పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

మంత్రిగారు ధైర్యంగా నిలబడ్డారు. మేక నిరాడంబరమైన జీవి అనీ, దేశానికి ఎంతో ఇచ్చి కొంచెమే తింటుందనీ ప్రకటన ఇచ్చారు. అయినా జనంలో విశాలహృదయం కొరవడింది. సభలో ప్రతిపక్షం వాళ్ళు పచ్చని ఆకుల కట్ట ఒకటి ఆయన బల్ల మీద పెట్టి నమస్కారం చేశారు. స్కూలు పిల్లలు కారు వెనక "మే... మే..." అని పరిగెత్తారు. చివరికి ముఖ్య నాయకుడు పిలిపించాడు. మంత్రిగారు వెంటనే వెళ్ళారు.

"పేరు మార్చుకో," అన్నాడు నాయకుడు.

ఎందుకని ఆయన అడగలేదు.

*

మేస్త్రి కొట్టు ముందు కార్లు ఆగాయి. మంత్రిగారు లోపలికి వచ్చారు. వెనక కార్యదర్శి. ఉన్న ఒక్క ముక్కాలిపీటా మేస్త్రి దులిపి వేశాడు.

"ఏంటోయ్," అన్నారు మంత్రిగారు, "నాదొకటి నీ దగ్గర ఉండిపోయిందట కదా?"

మేస్త్రి చేతిలో ఉలి కింద పెట్టాడు. ఇన్నేళ్ళూ తను వెళ్ళి ఇవ్వలేకపోయినదాని కోసం ఇవాళ సొంతదారే వచ్చాడు.

కార్యదర్శి వివరించాడు. పౌరుడు తన పేరు ఇష్టం వచ్చినట్టు మార్చుకోకుండా చట్టంలో గట్టి కట్టుబాటు ఉంది. పుట్టకముందు తన కోసం అనుకున్న పేరుకి మాత్రమే మారవచ్చు. అలాంటి పేరు మంత్రిగారికి ఒక్కటే ఉంది. అది మేస్త్రి వాడుతున్నాడు.

"ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు సార్. మా అమ్మ మాట కూడా నిలబడుతుంది. కానీ అది బాగా వాడిన పేరు. అరిగిపోయింది."

"ఫర్వాలేదు," అన్నాడు కార్యదర్శి. "యాజ్ ఈజ్ కండిషన్‌లో తీసుకుంటాం."

"మరి నాకేం మిగులుతుందండి? రేపు పొద్దున దేవుడి ముందు నిలబడి ఎవరు వచ్చారని చెప్పుకోను?"

మంత్రిగారు కార్యదర్శి వైపు చూశారు.

"మంత్రిగారి పేరు ఖాళీ అవుతుంది కదా," అన్నాడు. "అది నీకు అలాట్ చేస్తాం. ఎక్స్ఛేంజ్."

"మేక పేరు," అన్నాడు మేస్త్రి ఆలోచనగా.

"నువ్వు మేక వైపే చూస్తావేం? సూర్యుడు లేడూ? తండ్రి లేడూ? కమిటీ సీలు వేసిన అర్థాలవి. అర్థం మనిషికి కాదయ్యా, పేరుకి. పేరు ఎటు పోతే అర్థం అటు పోతుంది."

మేస్త్రి తలెత్తాడు. "అంటే, ధ్రువీకరించిన అర్థం కూడా నాకే వస్తుందా అండి?"

"పూర్తిగా! ఫర్నిచర్‌తో సహా ఇల్లు అప్పగించినట్టు."

మేస్త్రి ఇంక ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పేర్ల మార్పిడి ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఆ పేరుతో అతను పెట్టిన చివరి సంతకం అదే. మంత్రిగారు కూడా పెట్టారు. ఆ ఉత్తర్వు కింద పెట్టిన సంతకం వాళ్ళిద్దరిలో ఎవరికి ఎక్కువ ఉపయోగపడుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

మర్నాడు ఉదయం మేస్త్రి దణ్ణం పెట్టుకుని, "స్వామీ, పేరు మారింది. మనిషిని నేనే. గుర్తుపట్టగలవనే నమ్మకం," అని చెప్పుకున్నాడు. తర్వాత కూతురినీ పాపనీ తీసుకుని రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళాడు. రిజిస్ట్రారు కాగితం చూసి లేచి నిలబడ్డాడు.

"సూర్యుడు, తండ్రి, వంతెన కట్టినవాడు, నిగర్వి! ఇంత అర్థం ఉన్న ఇంటి పెద్ద ఈ ఆఫీసుకి ఇంతవరకూ రాలేదండి!"

పాప పేరు నమోదయింది. పాప ఆవలించింది.

"నాన్నా," అంది కూతురు బయటికొచ్చాక, నవ్వు ఆపుకుంటూ. "ఇంతకీ నిన్ను మేక అనుకోవాలా, సూర్యుడనుకోవాలా?"

"నువ్వు నాన్నా అని పిలువు. దానికి ఏ కమిటీ అక్కర్లేదు," అన్నాడు మేస్త్రి. నెలాఖరుకి కూతురు పనిలోకి వెళ్ళింది.

మంత్రిగారి ఆఫీసులో మాత్రం ఆ ఉదయమే చిన్న ఇబ్బంది వచ్చింది. ఆయన కొత్త పేరుతో మొదటి ఫైలు మీద కలం పెట్టబోతుంటే కార్యదర్శి దగ్గాడు.

"సార్, చిన్న విషయం. కొత్త పేరుకి ధ్రువీకరించిన అర్థం లేదు. అది వచ్చేదాకా మార్చుకున్న పేరుతో సంతకం చెల్లదు."

"ఈ రూలు ఎవడు పెట్టాడు?"

"తమరేనండి."

"మార్చేయ్!"

"మార్చాలంటే తమరి సంతకం కావాలండి."

"కమిటీని పిలువు. వెంటనే అర్థం కనిపెట్టమను."

"కమిటీ మేకల దేశాలకి వెళ్ళింది సార్. ఎప్పుడొస్తుందో వాళ్ళకీ తెలీదు. వెనక్కి రప్పించాలంటే..."

"సంతకం కావాలా?"

"చిత్తం."

*

సంతకం లేని మంత్రికి ఆఫీసులో పెద్దగా పని ఉండదు. అంతకుముందు ఉండేదా అని అడిగేవాళ్ళు అడిగారు. రెండు మూడు రోజులు కుర్చీలో కూర్చుని చూసి, మంత్రిగారు ఒక మధ్యాహ్నం కారు లేకుండా వరస ఇళ్ళకి నడిచి వచ్చారు. పెద్దమ్మ ఆశ్చర్యపోలేదు. అన్నం తిన్నావా అని అడిగి, తినలేదంటే పెట్టింది.

ఆయన చెయ్యి కడుక్కుంటుండగా మేస్త్రి వచ్చాడు. చేతిలో జానెడు ఇత్తడి రేకు, చంకలో ఉలి సంచి. మంత్రిగారి పెద్ద పలక ఎవరికీ పనికిరాక శాఖ వాళ్ళు తిరిగి పంపేస్తే, దాని మూలలోంచి ఒక ముక్క కోసుకొచ్చాడు.

"పెద్దమ్మా, నీ వస్తువు నీకు అప్పగించాలి కదా. ఊరికే నోటిమాటగా ఇచ్చేస్తే ఏం బాగుంటుంది! మీ గుమ్మానికి చెక్కి బిగిస్తాను."

గడప మీద కూర్చుని రేకు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఉలి తీశాడు. తీసి ఆగాడు.

"సార్, మీ పేరు ఒకసారి పైకి చెప్పండి."

మంత్రిగారు అటూ ఇటూ చూశారు. గొంతు సవరించుకున్నారు. చెప్పారు. పొరపాటున ఎవరో పరాయివాళ్ళ ఇంటి తలుపు తట్టినట్టు ఉంది ఆ చెప్పడం. బిందె మీది గ్లాసు కదల్లేదు.

"ఇంత మెల్లగా అంటే గీత కూడా పడదండి," అన్నాడు మేస్త్రి.

"నాకింకా అలవాటు కాలేదోయ్. నోరు తిరగడం లేదు."

"అట్లా కాదురా దాన్ని పలకడం," అంది పెద్దమ్మ.

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. ఇద్దరినీ దాటుకుని వీధిలోకి వెళ్ళి నిలబడింది. పైన, ఎప్పుడో ఖాళీ అయిన మేడగది కిటికీ వైపు ఒకసారి చూసింది. పొద్దు వాలుతోంది. ఎక్కడో దూరంగా ఆడుకుంటున్న పిల్లాడికి వినబడాలన్నట్టు, చివర కాస్త సాగదీసి, ఆ పేరు పిలిచింది.

మేస్త్రికి 'ఆఁ' అని నోటిదాకా వచ్చేసింది. పుట్టిన దగ్గర్నుంచి ఆ పిలుపుకి పలికిన గొంతు అది. పెదవులు గట్టిగా బిగించుకుని తల దించుకుని రేకు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎవరూ పలకలేదు. పెద్దమ్మ మళ్ళీ పిలిచింది.

"ఆఁ... వస్తున్నానమ్మా," అన్నారు మంత్రిగారు, లోపల గదిలోంచి.

మేస్త్రి ఉలి మీద సుత్తి వేశాడు.